దీర్ఘం లేని గుమ్మం

మా బాబాయి తనలో తాను మాట్లాడుకుంటాడు. ఇది రహస్యం కాదు, జబ్బు అంతకన్నా కాదు. కొంతమంది కూర్చున్నచోట కాలు ఊపుతారు, కొంతమంది ఉంగరం తిప్పుకుంటారు, ఈయన మాట్లాడతాడు. "కళ్ళజోడు ఎక్కడ పెట్టావు?" అని తనే అడిగి, "నన్నడుగుతావేం, నెత్తిమీద చూసుకో" అని తనే కసురుకుని, తడుముకుని, "ఉందిలే" అని రాజీపడతాడు. అడిగే గొంతు మెత్తన, చెప్పే గొంతు కరుకు. ముందుగదిలో కూర్చున్న కొత్తవాళ్ళు, లోపల అన్నదమ్ములెవరో పోట్లాడుకుంటున్నారనుకుని, "మళ్ళీ వస్తాం లెండి" అని లేచిపోయిన సందర్భాలున్నాయి.

ఆయనకి ఉద్యోగం కూడా నోటి పుణ్యమే. కుర్రతనంలో ఓసారి బస్సు ఎంతకీ రాలేదని బస్టాండు విచారణ కౌంటరు దగ్గర దెబ్బలాడుతుంటే, ఆ గొంతు విని లోపల్నుంచి అధికారి బయటికొచ్చి, "ఆ అరిచేదేదో జీతం తీసుకుని అరవకూడదా అబ్బాయ్" అన్నాడట. అప్పట్నుంచి రిటైరయ్యేదాకా బాబాయి బస్టాండులో మైకు దగ్గరే కూర్చున్నాడు. మా బంధువుల్లో చిన్నాపెద్దా అందరికీ ఆయన మైకు బాబాయి.

నేను చిన్నప్పుడు ఆ గది చూశాను. మూడువైపులా అద్దాలు, ఒక కుర్చీ, ఒక బల్ల, చేతిరుమాలు కప్పిన మైకు. నెత్తిమీద ఫ్యాను ఉండేది గానీ మైకు ఆన్ చేసినప్పుడు దాన్ని ఆపెయ్యాలి, లేకపోతే బస్టాండు మొత్తానికి గాలివాన వచ్చినట్టు వినబడేది. అంచేత ఎండాకాలంలో ఆయన బస్సుల పేర్లు చెమటతో చదివేవాడు. అయినా తొందరపడేవాడు కాదు. "ప్రయాణికులకూ..." అని ఆయన తీసే దీర్ఘం ఎంత పొడుగంటే, అది మొదలైనప్పుడు టీ చెప్పినవాడు అది అయ్యేలోపు తాగి డబ్బులిచ్చేసి రావచ్చని అక్కడి కండక్టర్లు చెప్పుకునేవాళ్ళు.

కనబడని వాళ్ళతో, బదులివ్వని వాళ్ళతో పొద్దస్తమానం మాట్లాడటమే పనైతే, మనిషి బదులు కూడా తనే చెప్పుకోవడం నేర్చుకుంటాడు. అలవాటు అక్కడ పట్టుకుంది. దానివల్ల ఒకసారి పరువు పోయింది కూడా. మా పిన్ని మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని అటు వస్తోంది. ఈయన బస్సు పేరు చదవడం అయ్యాక మైకు ఆపడం మరిచిపోయి, ఫ్యాను వేసుకుని, "వస్తోంది. ఏం తెచ్చుంటుందంటావు?" అని మెత్తగా అడిగాడు. "ఏం తెస్తుంది, నిన్నా బీన్సే మొన్నా బీన్సే, ఇవాళా బీన్సే" అని కరుగ్గా చెప్పుకున్నాడు. గాలివాన హోరుతో సహా బస్టాండంతా వింది. సామాన్ల మీద కూర్చున్న వాళ్ళందరూ ఒకేసారి పిన్ని చేతిలో క్యారియరు వైపు చూశారు. ఆవిడ నడక ఆపలేదు, ఒక్క మాటా అనలేదు, క్యారియరు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. మూత తీస్తే బీన్సే. మర్నాడు కూడా బీన్సే తెచ్చింది.

"చూశావా" అని బాబాయి ఈ కథ చెప్పినప్పుడల్లా ముగిస్తాడు, "మీ పిన్ని నోటితో అనదు. చేత్తో చెబుతుంది."

పిన్ని చెయ్యి గురించి కూడా చెప్పాలి. ఆవిడ టైలరు షాపులో కాజాలు కుట్టేది. చొక్కా ఒకరు కత్తిరిస్తారు, ఇంకొకరు మిషను మీద కుడతారు, బొత్తాలు పట్టే చిల్లులూ వాటి చుట్టూ కుట్టూ మాత్రం ఆవిడ దగ్గరకొచ్చేవి. ఊళ్ళో సగంమంది మగవాళ్ళ గుండెల మీద మీ పిన్ని చేతిపని ఉందని బాబాయి అంటే, "గుండెల మీద కాదు, పొట్టల మీద. కిందనుంచి రెండో కాజా ఎప్పుడూ తెగేది అందుకే" అనేది. ఆ పనిలో ఆవిడ దిట్ట. కాకపోతే అన్నేళ్ళలో మొదలు నుంచి చివరిదాకా తనదే అని చెప్పుకునే వస్తువు ఒక్కటీ చేయలేదు. అందుకని షాపు మానేశాక, గళ్ళ గుడ్డా, రంగుదారాలూ, చెక్క రింగూ కొనుక్కుని క్రాస్ స్టిచ్ మొదలుపెట్టింది. ఒక్కో గడిలో ఒక్కో ఇంటూ గుర్తు కుట్టుకుంటూ పోతే అక్షరమో పువ్వో తేలుతుంది. కంటికీ ఓపికకీ పరీక్ష.

బాబాయి సరదా మేడమీద. పాత రంగుడబ్బాల్లో మట్టి పోసి టమాటా, మిరప, చిక్కుడు, రెండు గులాబీలు పెంచుతున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు కదా, పారిపోలేనివాళ్ళు మరీ లోకువ. పొద్దున్నే పైనుంచి వినబడేది: "టమాటా గారికి గమనికా... మీ నీళ్ళు కొద్ది ఆలస్యంగా వస్తున్నాయీ... చిక్కుడు తీగ గారు దయచేసి మిరప గారి మీద పడకండీ..." ఇరుగుపొరుగు పిల్లలు దాన్ని విని బడికి టైమైందని లేచేవాళ్ళు.

ఈ మధ్య ఒకరోజు పిన్ని ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బాబాయి మాట్లాడట్లేదురా."

"నీతోనా?"

"నాతో మాట్లాడుతున్నాడు, ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, అంతవరకూ. తనతో మాట్లాడట్లేదు."

నవ్వబోయి ఆగాను. ఆవిడ గొంతులో నవ్వు లేదు.

"కళ్ళజోడు పోతే నోరు మూసుకుని వెతుక్కుంటున్నాడు. మేడమీదకి వెళ్తాడు, నీళ్ళు పోస్తాడు, దొంగలా దిగొస్తాడు. మూడు వారాలైంది. ఇల్లు ఇల్లులా లేదురా, పక్కింట్లో ఉన్నట్టుంది. గొంతుకేమైనా అయిందేమోనని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన లైటు వేసి 'ఆ' అనమంటే ఈయన 'అ' అన్నాడు. 'దీర్ఘం తీయండి' అన్నాడు డాక్టరు. ఈయన నావైపు చూసి నోరు మూసేసుకున్నాడు. గొంతు శుభ్రంగా ఉందమ్మా, మనిషికే మాట్లాడాలని లేదు అన్నాడాయన. నువ్వొచ్చి ఏమిటో కనుక్కో. నేనడిగితే ఏం లేదంటాడు."

ఆ ఆదివారం పార్కులో పూల ప్రదర్శన ఉంది. ఏటా వాళ్ళిద్దరూ, నేనూ, మా ఆవిడా కలిసి వెళ్తాం. ఆ వంకన పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాం. తలుపు తీసే ఉంది. గుమ్మం పైన కొత్త ఫ్రేము. తెల్లటి గళ్ళ గుడ్డ మీద ఎర్రటి అక్షరాలు, చుట్టూ ఆకుపచ్చ లత. ఎంత నిండుగా ఉందంటే, కుట్టిందా అచ్చువేసిందా అని దగ్గరకెళ్ళి చూశాను. చూసి ఆగిపోయాను. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది.

అక్కడ స్వగతం అని ఉంది.

నాటకంలో పాత్ర మిగతావాళ్ళకి వినబడకుండా తనలో తాను చెప్పుకునే మాట లేదూ, అది. గుమ్మానికి ఉండాల్సింది స్వాగతం.

"దీర్ఘం ఏదండీ?" అని మా ఆవిడ గుసగుసలాడింది.

"తర్వాత."

"అంత బాగా కుట్టి పాపం చిన్నత్తయ్యగారు..."

"తర్వాతన్నానా."

లోపల్నుంచి పిన్ని సంచీ సర్దుకుంటూ వచ్చింది. ఫ్రేము గురించి అడుగుతుందేమోనని ఇద్దరం ఒకేసారి చెప్పుల గురించి మాట్లాడటం మొదలుపెట్టాం.

బస్సెక్కాం. ఏటా అయితే బాబాయి కిటికీ పక్క కూర్చుని, స్టాపు రాకముందే దాని పేరు చదివేవాడు. ఆ దారిలో తిరిగే కండక్టర్లు ఆయన ఎక్కితే అరవడం మానేసి టిక్కెట్లు చింపుకునేవాళ్ళు. మేమంతా ఆయన్నే నమ్ముకుని కబుర్లలో పడేవాళ్ళం. ఆరోజు కూడా అలాగే పడ్డాం. బాబాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. పార్కు గేటు ఎడమవైపు నుంచి వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాతి స్టాపులో దిగి ఎండలో వెనక్కి నడిచాం.

"పార్కు వచ్చిందని మీకు తెలుసు కదండీ, చెప్పొచ్చుగా" అంది పిన్ని.

"ఎవరికి వాళ్ళు చూసుకోవాలి" అన్నాడు బాబాయి. ఆ మాట అన్నందుకు కూడా తనే నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

లోపల పూలు బాగానే ఉన్నాయి. బహుమతి వచ్చిన గులాబీ ఒకటి మనిషి పిడికిలంత ఉంది. గత ఏడాది ఇలాంటిదాని ముందు నిలబడి బాబాయి, "మీకు ఎరువేమిటండీ, మాకు చెప్పకూడదా" అని అడిగి, "చెబితే మాకు బహుమతెలా వస్తుందీ" అని దాని తరఫున బదులిస్తే, చుట్టూ పదిమంది చేరారు. ఈసారి దాన్ని చూసి, జేబులో చేతులు పెట్టుకుని ముందుకెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళు మొక్కలమ్మే వైపు వెళ్ళారు. మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం.

"ఏమైంది బాబాయ్?"

"ఏం లేదు."

"పిన్ని బెంగపెట్టుకుంది."

"ఆవిడకి బెంగేమిటిరా. ఆవిడ అడిగిందే చేస్తున్నాను." కాలిదగ్గర ఎండుటాకుని చెప్పుతో పక్కకి తోసి, "గుమ్మానికి బోర్డు కట్టింది, చూశావుగా" అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. నవ్వొస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాను.

"అది నీ గురించి అనుకుంటున్నావా?"

"మరి నీ గురించా? చలికాలంలో ఓరోజు ఆవిడ గళ్ళు లెక్కపెట్టుకుంటోంది. నేను పక్కన కత్తెర వెతుక్కుంటూ నా ధోరణిలో ఏదో అనుకుంటున్నాను. లెక్క తప్పింది. 'కాసేపు మీ స్వగతం ఆపుతారా' అంది. సరే, పనిలో విసుగు, నేనేం పట్టించుకోలేదు. తర్వాత అదే మాట ఫ్రేము కట్టించి గుమ్మానికి పెట్టింది. వచ్చేపోయే వాళ్ళందరూ చదివేలాగా."

"బాబాయ్, అది స్వాగతం. దీర్ఘం పడిపోయింది."

"ఎవరి చేతిలో పడిపోయింది? మీ పిన్ని చేతిలోనా? ఒక్క కాజాలో ఒక్క పోగు పక్కకి పోనిచ్చేది కాదురా ఆవిడ. అక్షరం మర్చిపోతుందా?" తల అడ్డంగా ఊపాడు. "నోటితో అన్న మాటైతే మర్నాటికి పోతుంది. కోపంలో అంది అనుకోవచ్చు. ఇది గళ్ళు లెక్కపెట్టుకుంటూ నెలల తరబడి కుట్టిన మాట. అంతసేపు నిలబడే కోపం ఎంత కోపమై ఉండాలి. సూటిపోటి మాటలంటారే, ఇది నిజంగానే సూదిపోటు మాట."

"అయితే అడుగు."

"అడిగితే అవునంటే?"

ఆయన బెంగ అదీ. తప్పని తేలితే మంచిదే. నిజమని తేలితే మాత్రం, ఇన్నేళ్ళుగా తను మాట్లాడుతున్నంతసేపూ పక్కమనిషి పంటిబిగువున ఓర్చుకుందని ఒప్పుకోవాలి. అది తెలుసుకోవడం కన్నా నోరు మూసుకోవడం తేలిక. నేనెంత చెప్పినా సర్దిచెబుతున్నాననే అనుకుంటాడు. ఆవిడ నోటినుంచే రావాలి, అదీ ఎవరూ అడగకుండా.

ఆడవాళ్ళు తిరిగొచ్చారు. పిన్ని చేతిలో గులాబీ మొక్క. "మీకే" అని బాబాయికి ఇచ్చింది. ఆయన తీసుకుని, దాన్ని ఏదో అడగబోయినట్టు పెదవి కదిపి, ఊరుకున్నాడు. పిన్ని అది చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఎండగా ఉంది, పదండి" అంది.

వచ్చేటప్పుడు స్టాపు నేను చూసుకున్నాను.

ఇంటి ముందు పిన్ని తాళం తీస్తూ ఆగింది. "ఒరేయ్, పొద్దున్న హడావుడిలో నువ్వు దీన్ని చూడనేలేదు. ఎలా ఉందో చెప్పు" అని పైకి చూపించింది. నా వెనకాల బాబాయి మొక్క పట్టుకుని రాయిలా నిలబడిపోయాడు.

దొరికిపోయాను అనుకున్నాను. దీర్ఘం పెట్టి చదివితే బాబాయి నన్ను నమ్మడు. పెట్టకుండా చదివితే పిన్ని మొహం చూడలేను.

"కళ్ళజోడు తేలేదు పిన్నీ, నువ్వే చదువు."

"మీ జేబులో ఉన్నదేమిటండీ?" అంది మా ఆవిడ. బెంచీ దగ్గర సంగతి ఆవిడకి తెలియదు.

"అది దూరం చూపుది."

"గుమ్మం దూరమేగా."

పెళ్ళయ్యాక ఆవిడ నాకు చేసిన సాయాలన్నీ ఇలాంటివే. అదృష్టం బాగుండి పిన్ని మా గొడవ వినిపించుకోలేదు. తను చేసిన వస్తువుని తనే చదివే అవకాశం ఎవరు వదులుకుంటారు. చెయ్యి నడుముకి ఆనించుకుని, బాబాయి మైకులో చదివినట్టే గొంతు పెట్టి, "స్వా... గతం" అంది.

ఆ దీర్ఘం వీధి చివరిదాకా వెళ్ళింది.

"మళ్ళీ చదువు" అన్నాడు బాబాయి.

"స్వాగతం. ఏం, మీ కళ్ళజోడు కూడా దూరం చూపుదేనా?"

"దీర్ఘం ఏదీ?"

"ఏ దీర్ఘం?"

"స్వాకి దీర్ఘం. అక్కడ లేదు."

"ఓ, అదా" అంది పిన్ని, కూరలో ఉప్పు కాస్త తగ్గిందంటే అన్నట్టు. "చోటు పట్టలేదండీ. చివర సున్నా గుండ్రంగా కాజా కన్నులా ఉంటుంది కదా, చెయ్యి తిరిగిన పని అని అటునుంచి మొదలుపెట్టా. త కుట్టా, గ కుట్టా, గ కొంచెం లావైంది. స దగ్గరకొచ్చేసరికి గళ్ళు అయిపోయాయి. తలకట్టుతో సరిపెట్టా. దీర్ఘం చదివేవాళ్ళు తీసుకుంటార్లే అనుకున్నా. అందులోనూ మీకు తెలియని దీర్ఘమా."

బాబాయి మొక్కని మెట్టుమీద పెట్టి, దాని పక్కన కూర్చున్నాడు.

"విన్నావా?" అన్నాడు మెత్తగా.

ఆ ప్రశ్న మాకు కాదు.

"విన్నాన్లే. ముందే అడిగితే నీ సొమ్మేం పోయింది, బుద్ధి తక్కువ వెధవా" అన్నాడు కరుగ్గా.

పిన్ని చేతిలో తాళంచెవి అలాగే ఉండిపోయింది. మా ఆవిడ ఒకసారి ఫ్రేముకేసి, ఒకసారి ఆయనకేసి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిన్ని ఫ్రేము చదువుకుంది, ఈసారి ఉన్నది ఉన్నట్టు, పెదవులతో. "స్వ... గ..." ఆగిపోయింది. "ఆ..." అంది. డాక్టరుకి కావాల్సిన దీర్ఘం అదే.

"అంటే ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుంది ఇందుకా? నేను మీకు బోర్డు కట్టాననుకున్నారా?"

"నువ్వే కదే అప్పుడు స్వగతం ఆపమన్నావు."

"కాసేపు అన్నా. కాసేపంటే లెక్క అయ్యేదాకా. మిమ్మల్ని ఒక మాట అనాలంటే నాకు నోరు లేదా, రంగుదారం కొని, గళ్ళు లెక్కపెట్టి, లతలు కుట్టి, ఫ్రేము కట్టించి అనాలా?"

"నువ్వు నోటితో అనవుగా, చేత్తో చెబుతావు. అప్పుడు బీన్స్..."

"ఏ బీన్స్?"

"బస్టాండులో. మైకులో నేనన్నది విని, మర్నాడు కూడా బీన్సే తెచ్చావుగా."

పిన్ని చాలాసేపు ఆలోచించింది. అంత పాత బీన్సు గుర్తు తెచ్చుకోవడానికి ఆ మాత్రం టైము పట్టాలి.

"అప్పుడు బుట్టనిండా కొన్నాను కాబట్టి తెచ్చా. పారేయమంటారా?"

"అంతేనా?"

"బీన్సులో ఇంకేం ఉంటుందండీ?"

బాబాయి నావైపు చూశాడు. ఆ కథ ఆయన నాకే కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాడు, ప్రతిసారీ అదే ముగింపుతో. ఇక దాన్ని ఎలా ముగించాలో తెలియని మనిషిలా ఉన్నాడు.

"మైకులో అన్నది మాత్రం విన్నావు కదే" అన్నాడు చివరికి.

"విన్నా. నిజమే కదా చెప్పారు" అని తాళం తీసి, "ఆ మొక్కని ఎండలో పెట్టకండి. దానితో ఓ మాట చెప్పి పైకి తీసుకెళ్ళండి" అని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల్నుంచి ఆవిడ నవ్వు వినబడింది. ఒకసారి ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ మొదలైంది.

కోపం మర్నాటికి వచ్చిందట. తనని అంత మాట అనుకున్నందుకు పిన్ని రెండు రోజులు ముభావంగా ఉంది, ఈయన ఆ రెండు రోజులూ తన రెండు గొంతులతోనూ బతిమాలుకున్నాడు. మూడోనాడు ఇద్దరూ కలిసి ఫ్రేము దించారు. తప్పు దిద్దాలంటే గ విప్పాలి, గ విప్పితే లత విప్పాలి. అంత పని ఎందుకని, మేడమీదకి వెళ్ళే తలుపు పైన కొట్టారు. చోటు మారిందంతే, ఒక్క పోగు కూడా మార్చకుండానే అక్షరాలు సరిపోయాయి.

పోయిన నెల వెళ్తే పిన్ని కొత్త గుడ్డ రింగుకి బిగించి కూర్చుంది. ఇది ముందు గుమ్మానికి. తెల్లటి గళ్ళ మధ్య ఎర్రగా ఒక్క కొక్కెం లాంటిది ఉంది, ఇంకేమీ లేదు.

"ఇదేమిటి పిన్నీ?"

"దీర్ఘం. ఈసారి దాన్ని ముందు కుట్టేశా. మిగతావి అవే సర్దుకుంటాయి."

పైనుంచి గమనికలు వినబడుతున్నాయి. కొత్త గులాబీ గారు మొగ్గ వేశారట, పాతవాళ్ళు దయచేసి కుళ్ళుకోకూడదట. పిన్ని సూది గుడ్డలో గుచ్చి, దీర్ఘానికి అటూ ఇటూ గళ్ళు వేలితో లెక్కపెట్టింది. కుడివైపు ఒకసారి, మళ్ళీ ఒకసారి లెక్కపెట్టి, చివరికి నావైపు చూసింది.

"ఒరేయ్, చివర్న సున్నా లేకపోతే ఏమైనా అవుతుందా?"

"ఏం కాదు పిన్నీ" అన్నాను. "నేను బాబాయికి ముందే చెప్పి ఉంచుతాను."